సిరిమాను నాటికి విజయనగరంలో బస: నా అనుభవం

మా అత్తగారికి విజయనగరం పైడితల్లి అమ్మవారి మొక్కు ఒకటి ఏళ్ల తరబడి బాకీ ఉండిపోయింది. మా ఆడపడుచు కాన్పు కష్టమైనప్పుడు మొక్కుకున్నారట. ఆ కాన్పులో పుట్టిన పిల్లవాడు ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు గాని మొక్కు మాత్రం తీరలేదు. తొలేళ్ల రాత్రి గుడి దగ్గర ఉండి, మర్నాడు సిరిమాను తిరిగేటప్పుడు అరటిపళ్లు విసురుతానని ఆవిడ మొక్కు. సిరిమాను అంటే చివరన పూజారిని కూర్చోబెట్టి, పండగ మంగళవారం నాడు వీధుల్లో తిప్పే పొడవాటి చింతమాను. దానికి ముందు రాత్రి జరిగే ఉత్సవం తొలేళ్లు. మాది టెక్కలి. మా వైపు వాళ్లు చాలామంది మంగళవారం పొద్దున్నే బయలుదేరి, సిరిమాను చూసి, రాత్రికి దొరికిన బండి పట్టుకుని ఇళ్లకు చేరిపోతారు. మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లు ఎక్కడానికే ఆగి ఆగి నడిచే మనిషిని ఆ రాత్రి రైలు రద్దీలోకి తోయడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా తొలేళ్లు సోమవారం రాత్రి కాబట్టి బస ఎలాగూ తప్పదు. మా వారికి సెలవు దొరకలేదు. అందువల్ల అత్తగారు, నేను, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, ముగ్గురం ఆడవాళ్లం సోమవారం మధ్యాహ్నానికి విజయనగరం చేరి బుధవారం తిరిగి వచ్చేలా అనుకున్నాము. ఆ బస కోసం ఎంత తిరగవలసి వచ్చిందో, చివరికి ఎక్కడ దొరికిందో రాస్తే మాలాంటి వాళ్లకు పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది ఊరి అమరిక. విజయనగరంలో చూడవలసినవన్నీ, అంటే పెద్దచెరువు, కోట, మూడు లాంతర్ల కూడలి దగ్గర అమ్మవారి చదురుగుడి, గంటస్తంభం, ఒకదాని నుంచి మరొకదానికి నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉన్నాయి. లాడ్జీలు మాత్రం ఎక్కువగా ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వేస్టేషను వైపు ఉన్నాయి. మామూలు రోజుల్లో దీనివల్ల ఇబ్బంది ఏమీ లేదు, ఆటో ఎక్కితే సరిపోతుంది. సిరిమాను నాడు అలా కాదు. చదురుగుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారికి వచ్చే వీధులన్నింటిలోను పోలీసులు బండ్లను ముందే ఆపేస్తారు. కాంప్లెక్సు దగ్గర ఎంత మంచి గది దొరికినా అక్కడి నుంచి జనంలో నడిచి రావాలి, మళ్లీ జనంలోనే నడిచి వెళ్లాలి. నాకు అది పెద్ద విషయం కాకపోవచ్చు గాని మా అత్తగారికి అది మొక్కు కంటే పెద్ద పని. అందుకని బస అంటూ తీసుకుంటే చెరువుకీ కోటకీ మధ్య ఎక్కడో తీసుకోవాలని మొదటే నిశ్చయించుకున్నాను.

చెరువు పక్కనే ఉండాలని అత్తగారికి వేరే కారణం ఉంది. అమ్మవారు దొరికింది ఆ పెద్దచెరువులోనే. ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పే దాన్ని కాబట్టి, తేదీలు ఉన్నంత వరకు తేదీలతోనే చెబుతాను. కోటకు శంకుస్థాపన జరిగింది 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు. మహబూబ్ వలీ అనే ఫకీరు ఆ స్థలం చూపించాడని చెప్పుకుంటారు. ఆ తరువాత 1757 జనవరి 24న విజయనగరం రాజు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోటను ముట్టడించాడు. బొబ్బిలి కోట నేలమట్టమైంది, కాని ఆ తరువాత కొద్ది రాత్రులకే తాండ్ర పాపారాయుడు రాజుగారి డేరాలో చొరబడి ఆయనను చంపేశాడు. ఇంతవరకు చరిత్ర. ఇక్కడి నుంచి స్థలపురాణం. రాజుగారి చెల్లెలు పైడితల్లి యుద్ధం వద్దని ముందే వారించిందట. అన్నగారి మరణవార్త విని కుప్పకూలి, తన విగ్రహం పెద్దచెరువు పడమటి భాగంలో దొరుకుతుందని పతివాడ అప్పలనాయుడు అనే ఆయనతో చెప్పి కన్నుమూసిందట. చెరువులో వల వేసి బెస్తవారు విగ్రహాన్ని పైకి తీశారనీ, అందుకే ఇవాళ్టికీ సిరిమాను ముందు బెస్తవారి వల నడుస్తుందనీ మా అత్తగారు నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. బొబ్బిలి కథ వినేటప్పుడు ఉత్తరాంధ్రలో అందరి మనసూ బొబ్బిలి పక్షానే ఉంటుంది. అదే మనుషులు గెలిచి చచ్చిపోయిన రాజు చెల్లెలికి ఏటా మొక్కులు తీరుస్తారు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే నోట వినడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

వినాయకచవితి వెళ్లాక ఫోన్లు మొదలుపెట్టాను. యాప్‌లలో చూస్తే సిరిమాను సోమవారానికి, మంగళవారానికి మధ్య ఊళ్లో గదులేవీ చూపించలేదు. పేర్లు చూసి నేరుగా లాడ్జీలకు చేశాను. కొన్నిచోట్ల ఎత్తలేదు. ఎత్తినచోట మామూలు రోజుల్లో వెయ్యి రూపాయల లోపు ఉండే గదికి రెండున్నర వేలు చెప్పారు, అది పండగ రేటు గనుక నేనూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. నాకు చిరాకు వేసింది మరొక ప్రశ్నకు.

"ఎంతమందమ్మా?"

"ముగ్గురం. మా అత్తగారు, నేను, మా అమ్మాయి."

"మగోలెవరూ రారా?"

"రారండీ."

"ఓనరుగార్ని అడిగి చెప్తానమ్మా."

ఆ ఓనరుగారు ఏమన్నారో నాకు ఈనాటికీ తెలియదు. ఇదే సంభాషణ మరోచోట కూడా ఇంచుమించు ఇదే వరుసలో జరిగింది. ఉద్యోగం చేసుకునే ఆడది ఆధార్ కార్డు చూపించి, అడ్వాన్సు కట్టి గది అడిగితే పక్కన మగవాడి పేరు ఉండాలన్న నియమం ఎక్కడ రాసి ఉందో అడగాలనిపించింది గాని, ఫోన్ అవతల ఉన్నది జీతానికి పనిచేసే కుర్రవాడు, అతనితో వాదించి లాభం లేదు. ఒక లాడ్జి వాళ్లు మాత్రం అభ్యంతరం చెప్పకుండా ఫోన్‌పేలో అడ్వాన్సు తీసుకున్నారు. నవరాత్రులు మొదలయ్యాక వాళ్లే ఫోన్ చేసి, గదులన్నీ ఎవరో పెద్దవాళ్ల మనుషులకు ఇవ్వవలసి వచ్చిందని చెప్పి డబ్బు వెనక్కి వేసేశారు. డబ్బు పోనందుకు సంతోషించాలో, గది పోయినందుకు బాధపడాలో తెలియలేదు.

రైల్వే రిటైరింగ్ రూముల సంగతి కూడా కనుక్కున్నాను. వాటికి రిజర్వేషన్ టికెట్టు మీద ఉండే పీఎన్‌ఆర్ నంబరు కావాలి. నౌపడలో పాసింజరు ఎక్కి వచ్చే మాబోటి వాళ్లకు పీఎన్‌ఆర్ ఎక్కడిది? ఆర్ అండ్ బీ అతిథిగృహం ఆ రెండు రోజులు అధికారులకే చాలదు. కల్యాణమండపాలు సేవా సంఘాల వాళ్లవో, కుటుంబాలతో బస్సు కట్టించుకుని వచ్చే వాళ్లవో అయిపోతాయి. దాసన్నపేటలో మా మామగారి వైపు దూరపు చుట్టాలు ఉన్నారు. వాళ్లు "రండి, ఉన్నదాంట్లో సర్దుకుందాం" అని మనస్ఫూర్తిగానే పిలిచారు. అయితే సిరిమానుకు విజయనగరంలో ప్రతి ఇంటికీ కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు వస్తారు. అది ఆ ఊరి సంక్రాంతి. వాళ్లింటికి అప్పటికే ఇద్దరు అల్లుళ్లు వస్తున్నారని తెలిసింది. తెల్లవారకముందే స్నానం చేసి పూజకు కూర్చునే మా అత్తగారిని అంతమంది ఉన్న ఇంట్లో బాత్రూం ముందు వరుసలో నిలబెట్టలేక, దర్శనానికి మాత్రం వస్తామని చెప్పాము.

ఇక ఫోన్లతో పని కాదని తేలిపోయి, దసరా సెలవుల్లో నేనొక్కదాన్నే పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్లాను. స్టేషను దగ్గరే అమ్మవారి మరో గుడి, వనంగుడి ఉంది కాబట్టి ముందు అక్కడ దండం పెట్టుకుని, కాంప్లెక్సు చుట్టుపక్కల లాడ్జీలు చూశాను. నేను చూసినవి గది శుభ్రత కంటే ముందు మెట్లు, మరుగుదొడ్డి. కింది అంతస్తులో గది ఉన్నచోట వెస్టర్న్ టాయిలెట్ లేదు, అది ఉన్నచోట లిఫ్టు లేదు, రెండూ ఉన్నచోట ఖాళీ లేదు. దాంతో ఆ వైపు ఆశ వదిలేసి కోట దారి పట్టాను.

మధ్యలో హుకుంపేట వెళ్లడం నా స్వార్థం. సిరిమానుకు కావలసిన చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెబుతారని నమ్మకం. ఆ చింతచెట్టుకు పూజ చేసి, కొట్టి, బండి మీద ఊరేగింపుగా హుకుంపేటలోని పూజారి ఇంటికి తెస్తారు. వడ్రంగులు దాన్ని అక్కడే సిరిమానుగా మలుస్తారు. నేను వెళ్లేసరికి మాను పొడవునా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మొదలు దగ్గర పసుపునీళ్లు పోసి వెళుతున్నారు. బాడిశ దెబ్బకు లేచిన చెక్కపేడు ఒకటి నా కాళ్ల దగ్గర పడితే, పక్కనున్న ముసలామె నాకంటే ముందే వంగి తీసుకుని కొంగున ముడివేసుకుంది. పచ్చి చింతమాను వాసన అంత ఘాటుగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. పండగ నాడు దూరం నుంచి సన్నగా కనిపించే ఆ మాను దగ్గర నిలబడితే, సుమారు అరవై అడుగుల పొడవు అంటే ఏమిటో అర్థమయింది.

అక్కడి నుంచి పెద్దచెరువు గట్టుకు వచ్చేసరికి ఎండ ముదిరింది. గట్టు మీద టీ దుకాణంలో కూర్చుని, పక్కనే పూలు మాలలు కడుతున్న ఆవిడను గదుల సంగతి అడిగాను. ఆవిడ దారం పంటితో తెంపుతూ చెప్పిన మాట ఇది:

"లాడ్జీలేటమ్మా, ఎప్పుడో అయిపోనాయి. అందరూ ఆడోలే అంతన్నారు కదా, హాస్టలుకెల్లి అడగండి. దసరా సెలవలకి గుంటలందరూ ఇల్లకి ఎల్లిపోనారు. సిరిమాను ఎల్లినాక గాని రారు."

గుంటలంటే మా వైపు ఆడపిల్లలు. ఇన్ని రోజులు నేను అడగనిది అదొక్కటే. విజయనగరం చదువుల ఊరు. కోటలోనే కళాశాలలు ఉన్నాయి. చుట్టుపక్కల వీధుల్లో ఆడపిల్లల ప్రైవేటు హాస్టళ్లు ఎన్నో ఉన్నాయి. దసరా సెలవులకు అవి ఖాళీ అవుతాయి. తరగతులు మొదలైనా, సిరిమాను దాటితే గాని పిల్లలు పూర్తిగా తిరిగి రారు. పండగకు గది దొరకని ఊళ్లో, పండగ వల్లనే ఖాళీగా ఉన్న మంచాలు ఇవి.

ఆవిడ చెప్పిన హాస్టలు చెరువుగట్టు దిగి కోట వైపు వెళ్లే వీధిలో, పాత పెంకుటిల్లు పక్కన కట్టిన రెండంతస్తుల మేడ. నడుపుతున్నది రిటైరైన టీచరుగారు. వాకిట్లో చాప పరిచి చింతపండు ఆరబెట్టుకుంటూ ఉన్నారు. నేను విషయం చెప్పగానే లోపలికి రమ్మనలేదు. అక్కడే నిలబెట్టి, ఏ ఊరు, ఏ కాలేజీ, ఎవరి మొక్కు, ఎన్నాళ్ల నాటి మొక్కు అని వరసగా అడిగారు. కాలేజీ గుర్తింపు కార్డు చూపించాను. దాన్ని తిప్పి తిప్పి చూసి, "మా దగ్గర చదివిన గుంట ఒకర్తి మీ టెక్కల్లోనే కాపురం ఉందమ్మా" అని, నా ఎదురుగానే ఆ అమ్మాయికి ఫోన్ చేసి నా సంగతి కనుక్కున్నారు. ఆ అమ్మాయి చెల్లెలు నా దగ్గర చదివింది కాబట్టి పని తేలికయింది. అప్పుడు గాని ఆవిడ కుర్చీ వేయలేదు. లాడ్జి వాళ్లు అడిగిన ప్రశ్నకూ ఈవిడ అడిగిన ప్రశ్నలకూ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. ఈవిడ నేనెవరో తెలుసుకోవాలనుకున్నారు, అంతే. మగవాళ్లు వస్తారా అని ఈవిడా అడిగారు, కాకపోతే రాకూడదన్న షరతు పెట్టడానికి!

షరతులు ఇంకా ఉన్నాయి. మెస్సు మూసి ఉంటుంది కాబట్టి భోజనం మాది మేమే చూసుకోవాలి, పాలు కాచుకోవడానికి పొయ్యి ఇస్తారు. దుప్పట్లు, దిండ్లు మేమే తెచ్చుకోవాలి. ముగ్గురి ఆధార్ జిరాక్సులు ఇవ్వాలి. గేటు రాత్రి తొమ్మిదింటికి వేస్తారు, తొలేళ్ల రాత్రి మాత్రం తెరిచే ఉంటుంది. మనిషికి, రాత్రికి ఇంత అని చెప్పారు. ముగ్గురికీ కలిపితే లాడ్జి వాళ్ల పండగ రేటులో సగం కూడా కాలేదు. నేను అలవాటు కొద్దీ కొంచెం తగ్గించమని అడగబోయాను. "అమ్మోరి పేరు చెప్పి ఎక్కువ తీసుకోనమ్మా, అమ్మోరి పేరు చెప్తే తక్కువా తీసుకోను" అన్నారు. నేను పర్సు తీసి అడ్వాన్సు ఇచ్చేశాను.

గది చూపించారు. కింది అంతస్తు, వరండా చివర వెస్టర్న్ టాయిలెట్, దాని పక్కన గోడకు ఇనుప పిడి. నాకు కావలసినవి అవే. ఇనుప మంచాలు, వాటి కింద తాళాలు వేసిన రేకు పెట్టెలు. బీరువా తలుపు మీద ఎవరో అమ్మాయి స్కెచ్ పెన్నుతో రాసుకున్న టైం టేబులు, దానిలో ఆదివారం గడిలో పెద్ద అక్షరాలతో "నిద్ర". అద్దం అంచు చుట్టూ వాడేసిన బొట్టుబిళ్లలు వరుసగా అంటించి ఉన్నాయి. ఎన్నో రంగులు. ఆ పిల్లల వస్తువులేవీ ముట్టుకోబోమని నేనే ముందు మాట ఇచ్చాను.

పరాయి ఊరి నుంచి వచ్చి ఈ వీధుల్లో నీడ వెతుక్కున్న వాళ్ల జాబితా పెద్దదే. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. ఆ కళాశాలలో పాట నేర్చుకోవాలని వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారికి ఊళ్లో నా అన్నవాళ్లు లేరు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. ఘంటసాలగారి జోలెలో అన్నం వేసిన ఇళ్లు ఈ వీధుల్లోనివేనని టీచరుగారు తమ వీధిని కూడా ఆ లెక్కలో కలిపేసుకున్నారు. రుజువు అడగడానికి నాకు నోరు రాలేదు.

సోమవారం మేము మధ్యాహ్నం పాసింజరులో దిగాము. దిగగానే వనంగుడి దర్శనం చేసుకోవడం మంచిదయింది. స్టేషను పక్కనే కాబట్టి సామాను మా అమ్మాయి దగ్గర పెట్టి వంతులవారీగా వెళ్లి వచ్చాము. మళ్లీ మంగళవారం అటు రావడం అయ్యే పని కాదు. సోమవారం సాయంత్రం వరకు ఆటోలు లోపలికి వెళ్లనిస్తున్నారు, అందువల్ల హాస్టలు గుమ్మం దాకా ఆటోలోనే వచ్చాము. పరుపులు, దుప్పట్లు, పళ్ల సంచీ మోసుకుని వచ్చేవాళ్లు ఆ గడువు దాటకుండా చేరుకోవడం ముఖ్యం.

తొలేళ్ల రాత్రి ఊరు నిద్రపోదు. చదురుగుడి నుంచి కోట వరకు వీధంతా దీపాలు, తప్పెటగుళ్లు, పులివేషాలు, ఘటాలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లు. ఆ రాత్రి పూజలయ్యాక పూజారి చేతుల మీదుగా రైతులకు విత్తనాలు పంచుతారు. వాటిని ఇంటి విత్తనంలో కలిపి చల్లితే పంటకు అమ్మవారి అండ ఉంటుందని నమ్మకం. మా పొలం కౌలుకు ఇచ్చి చాలా కాలమయింది. అయినా మా అత్తగారు ఆ తోపులాటలో చేయి చాచి నాలుగు గింజలు సంపాదించి కొంగున కట్టుకున్నారు. ఎవరికండీ అంటే, మా కౌలుదారు పేరు చెప్పి, "ఆడు మట్టుకు రైతు కాడా?" అన్నారు. బస దగ్గరగా ఉన్నందువల్ల ఆవిడకు అలసట వచ్చినప్పుడల్లా గదికి తీసుకువెళ్లి, కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టి, మళ్లీ తీసుకురాగలిగాను. కాంప్లెక్సు దగ్గర బస అయితే ఆ రాత్రి మొక్కు మొక్కుగానే మిగిలేది.

మంగళవారం ఉదయం పదింటికే కోట వైపు వీధిలో మూసి ఉన్న దుకాణం అరుగు ఒకటి చూసుకుని నేనూ మా అమ్మాయీ చెరో వంతుగా కూర్చున్నాము. అత్తగారిని గదిలోనే ఉంచి, మధ్యాహ్నం రెండు దాటాక తీసుకువచ్చాను. అప్పటికి వీధిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ముందు బెస్తవారి వల, తెల్ల ఏనుగు రథం, అంజలి రథం వచ్చాయి. తరువాత సిరిమాను. మాను చివర పీట మీద కూర్చున్న పూజారి మేడల కంటే ఎత్తున గాలిలో ఊగుతూ వస్తుంటే, కింద నుంచి అరటిపళ్లు వానలా లేచాయి. విజయనగరం రాజులైన పూసపాటి వంశీకులు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. మేము అరుగు మీద నిలబడి చూశాము. మొదటి విడతలో అత్తగారు విసిరిన పళ్లు ముందు వరుసలో ఒకాయన తలపాగా మీద పడ్డాయి, ఆయన వాటిని కళ్లకద్దుకుని తినేశాడు. ఆ పళ్లు లెక్కలోకి రావని ఆవిడ పట్టుబట్టి మిగిలినవి దాచారు. మూడోసారి మాను మాకు చాలా దగ్గరగా వచ్చింది. ఈసారి పండు బండికి తగిలింది. ఆడపడుచుకు అక్కడి నుంచే వీడియో కాల్ చేయబోతే ఆ జనంలో సిగ్నలు దొరకలేదు.

ఆ సాయంత్రం మేము గదికి నడిచి వచ్చేసరికి గేటు దగ్గర చంటిపిల్లతో ఒక కుటుంబం నిలబడి గది అడుగుతున్నారు. వాళ్లలో మగవాళ్లు ఉన్నారు కాబట్టి టీచరుగారు హాస్టల్లోకి రానివ్వలేదు, తమ పెంకుటింటి వరండాలో చాపలు వేయించారు. డబ్బు అడిగినట్టు నాకు కనిపించలేదు.

బుధవారం ఉదయం అత్తగారు పడుకుని ఉండగా మా అమ్మాయిని చెరువుగట్టుకు తీసుకువెళ్లాను. అమ్మవారు దొరికిన చెరువని చెప్పుకునే చోట గట్టు వారగా గుర్రపుడెక్క పట్టి, పండగ చెత్త కొట్టుకువచ్చి ఉంది. పండగకు అంత ఖర్చు పెట్టే ఊరు చెరువు సంగతి ఇంకొంచెం పట్టించుకోవచ్చుననిపించింది. మధ్యలో నీరు మాత్రం విశాలంగా, తేటగా ఉంది. కోట రాతిగోడల వెంట నడిచి, నగారాఖానా సింహద్వారం చూసి, 1885లో కట్టిన ఎనిమిది పలకల గంటస్తంభం దాకా వెళ్లాము. పూసపాటి వారు 1958లో మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి కోటను చదువులకు ఇచ్చేశారు. అందువల్ల లోపల తిరిగేటప్పుడు రాజుల కోటలో ఉన్నట్టు కంటే పెద్ద కాలేజీలో ఉన్నట్టే ఉంటుంది. మా అమ్మాయికి అదే నచ్చింది, డిగ్రీకి ఇక్కడే చేరతానంటోంది. గురజాడ అప్పారావుగారి ఇల్లు కూడా చూడాలనుకున్నాము గాని రైలు వేళ కావడంతో కుదరలేదు.

వెళ్లదలచిన వాళ్లకు నాకు తెలిసినంతలో రెండు మాటలు. ఆడవాళ్లు మాత్రమే వెళ్లేటట్టయితే నవరాత్రులకు ముందే కోట, చెరువు చుట్టుపక్కల హాస్టళ్లలో స్వయంగా వెళ్లి అడగడం మంచిది, ఇలాంటివి యాప్‌లలో కనిపించవు. గుర్తింపు కార్డుతో పాటు ఆ ఊళ్లో మిమ్మల్ని ఎరిగిన ఒకరి ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోండి. కుటుంబంతో వెళ్లేవాళ్లు, సిరిమాను జనం భరించలేమనుకునేవాళ్లు, తరువాతి మంగళవారం పెద్దచెరువులో జరిగే తెప్పోత్సవానికి వెళ్లవచ్చు. టీచరుగారు చెప్పినదాని ప్రకారం ఆ నాటికి పండగ రేట్లు దిగిపోతాయి, కాంప్లెక్సు దగ్గర లాడ్జీలలో గదులు మామూలుగానే దొరుకుతాయి, ఆటోలు కూడా చెరువు దాకా వస్తాయి. దీపాలు పెట్టిన తెప్ప మీద అమ్మవారు చెరువులో తిరగడం గట్టు మీద కూర్చునే చూడవచ్చు. మా అత్తగారు దానికి కూడా వెళ్దామంటున్నారు. మొక్కు ఏదైనా ఉందా అని అడిగితే, లేదు, ఊరికేనట.